బిగుసుకున్న తలుపు

ఉదయం 11:50.

హాలు తలుపు తెరుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ చేత్తో నెట్టింది. కదల్లేదు. భుజం పెట్టి తోసింది. కిర్రుమని ఒక్కసారిగా తెరుచుకుంది. ఆవిడ తూలి పడబోయి నిలదొక్కుకుంది.

"వారం నుంచీ వానలు కదా మేడమ్, బిగుసుకుపోతోంది," అంది ఇంటావిడ నొచ్చుకుంటూ. ఆ ఇంట్లో ఉండేది అక్కాతమ్ముళ్ళు. ఈవిడ అక్క, లైబ్రేరియన్. తమ్ముడు పళ్ళ డాక్టరు.

భోజనాల గది తలుపు బార్లా తీసి ఉంది. దాని కింద శవం. అరవై దాటిన మనిషి. తల రాతి గడపకి కొట్టుకుంది. పక్కనే నిచ్చెన పడి ఉంది. చొక్కా ముందంతా తడి. గుప్పుమని స్పిరిట్ వాసన.

ఈ ఇంటి తలుపులకి ముప్ఫై ఏళ్ళుగా పాలిష్ పెడుతున్న పెద్దాయన.

"క్లియర్ కేసు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "తాగాడు. ఎక్కాడు. పడ్డాడు. నాలుగింటికల్లా ఫైల్ మూసేయొచ్చు."

"ఫైలు మూయడమంటే మీకు ఎంత సరదా అండీ! ముందు జేబులు చూడండి."

జేబులో పొట్టి పెన్సిలు. మడిచిన గరుకు కాగితం. సగం బ్లేడు. బ్లేడు అంచుకి తెల్లటి పెయింట్ పెచ్చు అంటుకుని ఉంది.

ఇన్‌స్పెక్టర్‌కి కుదురనేది పుట్టుకతోనే లేదు. ఒక చోట నిలబడి ప్రశ్న అడిగితే జవాబు ఇంకో చోట నిలబడి వింటుంది. హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే మొదలుపెట్టింది.

"ఈయన్ని ఎవరు పిలిచారు?"

"నేనే," అంది అక్క. "నలభై రోజుల కింద నేను ట్రైనింగ్‌కి ఊరెళ్ళాను. పది రోజులు. తిరిగొచ్చేసరికి నాలుగు తలుపులకీ తెల్ల పెయింట్! మా తాత కట్టించిన టేకు తలుపులు మేడమ్. ఆ చెక్క చారలు చూస్తూ పెరిగాను. నా కడుపు మండిపోయింది. ఈ పెయింటంతా తీసేసి మళ్ళీ పాలిష్ పెట్టమన్నాను."

"పెయింట్ ఎవరు వేయించారు?"

"ఇంకెవరు! మా వాడు. పళ్ళ డాక్టరు కదా, లోకమంతా తెల్లగా మెరిసిపోవాలి."

తమ్ముడు మండిపడ్డాడు. "చీకటి గుహలా ఉండేది మేడమ్ ఈ ఇల్లు! పట్టపగలు లైట్ వేసుకుని అన్నం తినేవాళ్ళం. ఒక్క పెయింట్‌తో గదిలోకి వెలుతురొచ్చింది. దానికి నెల రోజుల నుంచి నాతో మాటల్లేవు."

"ఒరే, నన్ను అడిగి వేయించావా?"

"అడిగితే వద్దంటావని తెలుసు కదక్కా!"

"సరే, సరే. ఇవాళ ఏం జరిగింది? టైములతో చెప్పండి."

పెద్దాయన 9:30కి వచ్చాడు. 10:20కి అక్క మందుల షాపుకి వెళ్ళింది. 10:55కి తిరిగొచ్చి శవాన్ని చూసింది. 10:38కి ఆవిడ ఫోన్‌కి పెద్దాయన నుంచి మిస్డ్ కాల్ ఉంది. వాన చప్పుడులో వినిపించలేదు. ఆ మాట చెబుతూ అక్క ఏడ్చేసింది.

"డాక్టరు గారూ, మీరు?"

"కార్లో. క్లినిక్‌తో ఫోన్లో మాట్లాడుతున్నా."

"సొంత ఇల్లు పెట్టుకుని కార్లో ఎందుకు?"

డాక్టరు చెయ్యి జేబులోని కారు తాళాల మీదికి పోయింది. ఆవిడ కారు డిక్కీ తెరిపించింది. అందులో సీలు విప్పని డబ్బా. పెయింట్ ఊడదీసే మందు.

పళ్ళ డాక్టరు రెండు చేతులూ ఎత్తేశాడు.

"దాచాను మేడమ్. మందు లేకపోతే పని ఆగిపోతుందని దాచాను. అంతే! ఆయన్ని వేలితో కూడా ముట్టుకోలేదు."

అక్క తమ్ముణ్ణి చూసిన చూపుకి హెడ్ కూడా ఒకడుగు వెనక్కేశాడు. "మేడమ్, అయితే ఇతనేనా?" అన్నాడు చెవిలో.

"ఇందాక తాగి పడ్డాడన్నారు?"

హెడ్ ఫైలు వీపు వెనక్కి దాచుకున్నాడు.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. పెయింటింగ్ మేస్త్రి. తలుపులకి తెల్ల రంగు వేసింది ఇతనే. మిగిలిన పని పూర్తి చేస్తున్నాడు.

"పదింటి నుంచి మేడ మీదే ఉన్నానండీ. కిటికీ ఊచలకి ఎనామిల్ వేస్తున్నా. అమ్మగారు కేక పెట్టాకే కిందికొచ్చా." తల అడ్డంగా ఊపాడు. "పాపం పెద్దాయన. పొద్దున వచ్చినప్పుడే వాసన కొడుతున్నాడు."

"అబద్ధం!"

గుమ్మంలో ఒక స్త్రీ. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. టైలరు. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి పరిగెత్తుకొచ్చింది. పెద్దాయన కూతురు.

"మా నాన్న తాగడు. రోజంతా పాలిష్‌లో కలిపే ఆ స్పిరిట్‌తోనే పని. ఇంటికొచ్చాక దాని పేరెత్తితేనే తలనొప్పంటాడు. తాగి చచ్చాడని మాత్రం రాయకండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎప్పుడూ తాగలేదా?"

కూతురు తల దించుకుంది.

"నేను పుట్టిన రోజున... కబురు పంపినా సాయంత్రం దాకా ఆస్పత్రికి రాలేదంట. ఎక్కడో తాగి పడిపోయాడని అమ్మమ్మ అందరికీ చెప్పుకుంది. అమ్మ కూడా పోయేదాకా అదే దెప్పుతూ ఉంది. నాన్న ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు." కళ్ళు తుడుచుకుంది. "అదే మేడమ్ నా భయం. ఇప్పుడు మీరు కూడా రాసేస్తే అది నిజమైపోతుంది."

ఇన్‌స్పెక్టర్ నడక ఆగింది. ఆ పూట మొదటిసారి.

"ఈ పెన్సిలు మీ నాన్నదేనా?"

"ఆయనదే. పాలిష్ అయ్యాక తలుపు పైఅంచు మీద తేదీ రాసుకుంటాడు. ఎవరూ చూడని చోటే మన సంతకం ఉండాలనేవాడు."

ఇన్‌స్పెక్టర్ నిచ్చెన ఎత్తి భోజనాల గది తలుపు దగ్గర నిలబెట్టింది.

"అక్కడేముంటుంది మేడమ్, దుమ్ము తప్ప?" అన్నాడు మేస్త్రి. "పైఅంచుకి మేం రంగు కూడా వెయ్యం. ఎవరు చూస్తారని?"

"నేను చూస్తాను. నాకు పనీపాటా లేదు."

ఎక్కింది. చూసింది. వేలు పెట్టింది. దిగింది. కర్చీఫ్‌తో వేలు తుడుచుకుంది. హెడ్‌ని పక్కకి పిలిచి రెండు ముక్కలు చెప్పి పంపించింది. టైము 12:45.

సాయంత్రం 4:10.

హాల్లో అందరూ కూర్చున్నారు, ఇన్‌స్పెక్టర్ తప్ప. మూడింటికి పోస్ట్‌మార్టం డాక్టరు ఫోన్ చేశాడు. హెడ్ మూడున్నరకి చేశాడు. ఇన్‌స్పెక్టర్ నడుస్తూనే చెప్పింది.

"పెద్దాయన కడుపులో చుక్క స్పిరిట్ లేదు. నోట్లోనూ లేదు. ఉన్నదంతా చొక్కా మీదే. అంటే ఎవరో పోశారు. ఇక రెండోది. మందు డబ్బా కార్లో ఉంది. పెయింట్ తీసే పని మొదలే కాలేదు. మరి బ్లేడుకి పెచ్చు ఎక్కడిది?"

ఇన్‌స్పెక్టర్ మూసి ఉన్న హాలు తలుపు మీద వేలితో టకటకా కొట్టింది.

"అమ్మా, మీ హాలు తలుపు ఇంతకుముందు ఎప్పుడైనా బిగుసుకుందా?"

అక్క ఆలోచించింది. "లేదు... ఎంత వానలో అయినా వేలితో నెడితే తెరుచుకునేది. పెయింట్ మందం వల్లనుకున్నా. మూసినప్పుడు చప్పుడు కూడా మారింది."

"పాత టేకు వానకి ఉబ్బదమ్మా. పచ్చి చెక్క ఉబ్బుతుంది. వచ్చీరాగానే నా భుజానికి తగిలింది ఆ సాక్ష్యం. నాకే మధ్యాహ్నం దాకా బుర్రకెక్కలేదు, నా మొహం! మీరిద్దరూ పెయింట్ ఉండాలా పోవాలా అని నెల రోజులు కొట్టుకున్నారు. కింద ఉన్నది మీ తలుపేనా అని ఒక్కరూ చూడలేదు."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అంటే?"

"పెయింట్ ఎక్కడ వేశారు డాక్టరు గారూ?"

"ఇక్కడ కాదు. షెడ్డుకి తీసుకెళ్ళి స్ప్రే చేసి తెస్తానన్నాడు. నాలుగూ ఊడదీసి..." మాట ఆగిపోయింది. తల మేస్త్రి వైపు తిరిగింది.

"తీసుకెళ్ళింది టేకు. తెచ్చి బిగించింది చవక చెక్క. అదే కొలత, అదే బందులు, పైన తెల్ల పెయింట్. ఎవరికి తెలుస్తుంది? ఒక్కరికి తెలుస్తుంది. తన తేదీలు ఉన్నాయా అని నిచ్చెన ఎక్కి చూసేవాడికి. మందు దొరక్క ఊరికే నిలబడలేక పెద్దాయన ఎక్కాడు. తేదీలు లేవు. పెయింట్ ఉంది. బ్లేడుతో గీకాడు. కింద పాలిపోయిన కొత్త చెక్క. 10:38కి మీకు ఫోన్ చేశాడమ్మా."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను మేడ మీదున్నానండీ!" అరిచాడు మేస్త్రి.

"పైఅంచుకి ఏ పెయింటరూ రంగు వెయ్యడని నువ్వే చెప్పావు. మరి ఆ తలుపు పైఅంచుకి రెండు పూతలు ఎందుకున్నాయి? నెల కింద వేసిన పెయింట్ ఇవాళ మధ్యాహ్నం నా వేలికి ఎందుకంటుకుంది? పెద్దాయన గీకిన చోటు, మూడంగుళాలు, పచ్చిగా తడిగా ఉంది. నిచ్చెన తోసేశావు. చొక్కా మీద స్పిరిట్ పోశావు. మళ్ళీ నిచ్చెనెక్కి ఆ గీత కప్పేశావు. ఇంట్లో తడి బ్రష్ ఉన్నది నీ ఒక్కడి చేతిలోనే."

మేస్త్రి ఒక్క ఉదుటున హాలు తలుపు మీదికి దూకాడు. లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. తను పెట్టిన చవక చెక్క, వానకి ఉబ్బి కూర్చుంది.

"తోసెయ్యాలని అనుకోలేదండీ," అన్నాడు చివరికి, తలుపుకి నుదురు ఆనించి. "దిగు, మాట్లాడుకుందాం అన్నాను. అమ్మగారికే చెప్తానన్నాడు."

5:30. మేస్త్రి షెడ్డు.

హెడ్ ముందే పైన కప్పిన టార్పాలిన్లు తొలగించి పెట్టాడు. గోడకి ఆనించి నాలుగు టేకు తలుపులు. కొనేవాడు రేపు రావాల్సి ఉందట. గుర్తు పట్టడానికి కూతుర్నీ అక్కాతమ్ముళ్ళనీ పిలిపించారు.

పైఅంచుల మీద వరసగా పెన్సిలు తేదీలు. చిన్న అక్షరాలు. ముప్ఫై ఏళ్ళ పని. కూతురు వాటి మీద వేలు ఆనకుండా, గాలిలోనే చూపిస్తూ ఒక్కొక్కటీ చదువుతోంది. మూడో తలుపు దగ్గర వేలు ఆగింది.

"ఇది నేను పుట్టిన తేదీ."

ఇన్‌స్పెక్టర్ టార్చ్ వేసింది. అక్కడ ఉన్నది తేదీ ఒక్కటే కాదు. ఇరుకుగా రెండు వరసలున్నాయి. కూతురు పక్కకి జరిగింది. హెడ్ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"పాప పుట్టిందని కబురొచ్చింది. పాలిష్ కోటు మధ్యలో ఉంది, వదిలితే మచ్చ పడుతుంది. అయిపోగానే పరిగెత్తాలి."

షెడ్డు రేకుల మీద వాన మళ్ళీ మొదలైంది.

"తాగి పడిపోలేదు," అంది కూతురు. ఇంకోసారి అంది. ఆ తలుపు పక్కనే నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది.

హెడ్ ఫైల్ తెరిచాడు. పొద్దున తనే రాసిన "మద్యం మత్తులో" అన్న ముక్క అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు.

పళ్ళ డాక్టరు మూడో తలుపు దగ్గరికి వచ్చాడు. చెక్క చారల మీద చెయ్యి వెయ్యబోయి, సాక్ష్యమని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా. "భోజనాల గదిలో ఇంకో లైట్ పెట్టిద్దాంలే."