రేపల్లె బండిలో పండుగప్ప

“మిక్సీ రిపేరుకండి,” అంది ఏజెంట్ ఫ్లోరెన్స్.

“జార్ తెచ్చారా?” అన్నాడు తెనాలి రిపేరు షాపులో కూర్చున్న చీఫ్ యాకోబు.

“మూత తెచ్చాను.”

కోడ్ సరిపోయింది. షట్టర్ దిగింది.

“మీ ఆయన బాపట్ల ల్యాబులో రాసిన సిమ్యులేషన్ పోయిందమ్మా. రెండు ప్రవాహాలు పక్కపక్కనే పోతూ ఎక్కడ సుళ్లు తిరిగి కలుస్తాయో కంప్యూటర్లో చూపిస్తుందది. గాలి పీల్చుకునే మన కొత్త రాకెట్ ఇంజనులో గాలీ ఇంధనమూ కలిసేది ఆ లెక్క మీదే. ఇవాళ రేపల్లె బండిలో పోతుంది. అక్కణ్నుంచి పడవలో విదేశీ ముఠాకి. తీసుకెళ్లేవాడి చేతిలో నల్ల బ్యాగుంటుందని రాధారాణి రిపోర్టు.”

ఆ పేరు వినగానే ఫ్లోరెన్స్ చెవి జూకా వేడెక్కింది. జూకాలో రిసీవరుంది. ల్యాబులో అసిస్టెంటు వేషంలో ఉన్న ఏజెంట్ రాధారాణి మైకు నుంచి నెలరోజులుగా అందులోకి మొగుడి గొంతే వస్తోంది. “వేగాల్లో తేడా ఉంటేనే సుళ్లండీ. రెండూ ఒకే వేగంతో పోతే కలవనే కలవవు.” వెంటనే ఆవిడ కిలకిల. అదే సంగతి ఇంట్లో అడిగితే, పెళ్లాం గూఢచారని తెలియని రమేష్ బాబు, “నీకెందుకులే, బుర్ర తిరుగుతుంది” అంటాడు. పైగా అన్నం ముందు కూర్చుని, “రాధారాణి గారు ఎంత మంచి మనిషో!”

తెల్లచీర, ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో టిఫిన్ క్యారియర్, కళ్లజోడులో కెమెరా. ఫ్లోరెన్స్ బండెక్కింది. రేపల్లె దగ్గర పడేదాకా వెతికినా నల్ల బ్యాగు ఎక్కడా లేదు. తలుపు దగ్గర, కొంగు ముఖం మీదికి లాక్కున్న చేపలామె ఉంది. తట్టలో ఐసు మీద పండుగప్ప.

“ఏ రేవు చేపమ్మా?”

“నిజాంపట్నమండి.”

“నిజాంపట్నం చేప రేపల్లె మీదుగా తెనాలి రావాలి గానీ, తెనాలి నుంచి రేపల్లె పోతుందేంటి? పుట్టింటికా?”

చేపలామె నవ్వింది. కిలకిల.

నెలరోజులుగా చెవిలో మోగిన నవ్వు. చేపల తట్ట పక్కన కూడా మనిషి అందంగానే ఉంది. అది చూసి ఫ్లోరెన్స్‌కి ఇంకా మండింది.

“రెండు జీతాలన్నమాట, రాధారాణీ!”

తట్ట వెనక పిస్టల్ క్లిక్‌మంది. “కదలకక్కా. పెన్‌డ్రైవ్ చేప పొట్టలో ఉంది. స్టేషన్లో మా వాడున్నాడు. మీ ఆయన చాలా మంచోడు, ఏదడిగినా చెబుతాడు.”

“నాకు చెప్పడు,” అంది ఫ్లోరెన్స్.

టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో పొగబాంబుంది. మూత తీసే ఓపిక లేకపోయింది. క్యారియర్నే ఎత్తి ఆవిడ మణికట్టు మీద వేసింది. పిస్టల్ జారింది. బండి రేపల్లె ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. టోపీవాడొకడు చేతులు చాచాడు. రాధారాణి రెండో చేత్తో చేపను విసిరింది. అది గుమ్మం దాటుతుండగా ఫ్లోరెన్స్ దాని తోక దొరకబుచ్చుకుంది.

ప్లాట్‌ఫారం మీద కాపు కాసిన యాకోబు మనుషులు ఆ ఇద్దరికీ బేడీలు వేశారు. పెన్‌డ్రైవ్ చీఫ్‌కి చేరింది. చేపనెవరూ అడగలేదు.

ఆ సాయంత్రం రమేష్ బాబు వేళ్లు నాకాడు. “పులుసు అదిరింది! ఎక్కడిదీ పండుగప్ప?”

“మీ రాధారాణి గారు ఇచ్చి వెళ్లారండి.”

“చూశావా, ఎంత మంచి మనిషో!”

ఫ్లోరెన్స్ ఆయన కంచంలో తోక ముక్క వేసింది.