అసంతృప్తికి మూలకారణం

సాగరపురం అంతర్జాతీయ విమానాశ్రయంలో ఆ మధ్యాహ్నం ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది. మంచినీళ్ళ కుళాయికి ప్లాస్టిక్ కవరు కట్టేశారు. సమాచారం చెప్పే కౌంటర్లో కుర్చీ ఉంది గానీ మనిషి లేడు. జనం సూట్‌కేసుల మీద, మెట్ల మీద, నేల మీద కూలబడి ఉన్నారు. వాళ్ళందరి నెత్తి మీద ఒక పెద్ద డిజిటల్ బోర్డు పచ్చగా వెలిగిపోతోంది: 'ప్రయాణికుల సంతృప్తి 99 శాతం.'

ఆ బోర్డు చూడగానే పానకాలరావుకు ఇందులో ఏదో మోసం ఉందనిపించింది.

మోసం ఉందనుకోవడం ఆయనకు కొత్తేమీ కాదు. రైళ్ళలో టి.సి.గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా అనుమానం వదల్లేదు. ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తే రిపేరు చేసినవాణ్ణి అనుమానిస్తాడు, చప్పుడు చెయ్యకపోతే మళ్ళీ వాణ్ణే అనుమానిస్తాడు.

ఆయన భార్య భ్రమరాంబ పక్కనే ఇనప కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళు అరిగిపోయి నాలుగడుగులు కూడా వేయలేని మనిషి. పెనాంగ్‌లో ఉంటున్న ఆమె ఒక్కగానొక్క తమ్ముడు సాంబుకు మర్నాడు పొద్దున్నే గుండె ఆపరేషన్. మత్తుమందు ఇచ్చేలోగా వాణ్ణి ఒక్కసారి చూడాలి. అంతే ఆమె కోరిక. విమానం ఎక్కే గేటు చూస్తే ఎక్కడో ఆ చివర ఉంది. వీల్‌చెయిర్ అడిగి చాలాసేపైంది. ఈ విమానాశ్రయంలో వీల్‌చెయిర్లు వాటంతట అవే నడుస్తాయి. రెండు కుర్చీలు ఆమెవైపే వచ్చి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికొచ్చి, గిర్రున తిరిగి ఇంకెవరి దగ్గరికో వెళ్ళిపోయాయి.

"ఎవరి చెయ్యో తడిపితే గానీ కదలవివి" అన్నాడు పానకాలరావు.

"పోన్లెండి, వస్తుందిగా" అంది భ్రమరాంబ నవ్వుతూ.

అదే సమయంలో ఎదురుగా ఒక భారీ మనిషి మొహం ఎర్రబడింది. ఆయన ఇంకా నోరైనా తెరవలేదు, ఇద్దరు సిబ్బంది కాఫీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అప్పట్నించీ పానకాలరావు కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. కుర్చీలు, కాఫీలు, క్షమాపణలు అన్నీ చిటపటలాడేవాళ్ళకే వెళుతున్నాయి. ఒద్దికగా కూర్చున్నవాళ్ళవైపు ఒక్కడూ తొంగిచూడటం లేదు. స్తంభం పక్కన ట్యాబ్లెట్ పట్టుకుని ఒకమ్మాయి ఇదంతా గమనిస్తూ నిలబడి ఉంది. దొంగ దొరికిందనుకున్నాడాయన.

"అమ్మాయ్, ఎవరు నువ్వు? ఏం రాసుకుంటున్నావ్?"

ఆమె కంగారుపడింది. పేరు డాక్టర్ మృణాళిని. ఇక్కడ పనిచేస్తున్న 'శాంత' అనే మెషిన్ రూపొందించింది ఆమే.

"ఇందులో దాపరికం ఏమీ లేదు సార్. కెమెరాలు మొహంలో రక్తం పరుగును చూస్తాయి. కుర్చీల్లో సెన్సర్లు నాడిని చూస్తాయి. ఎవరికి అసంతృప్తి పెరుగుతోందో 'శాంత' ముందే కనిపెట్టి, దాని మూలకారణం వెతికి తీసేస్తుంది. సిబ్బందిని సగానికి తగ్గించారు కదా, అందుకని కోపం ఉన్నచోటికే పంపుతుంది."

"మూలకారణం దానికెట్లా తెలుస్తుంది?"

"కోపం వచ్చేముందు మనిషి ఏం చూశాడు, ఏం విన్నాడు అని చూసుకుంటుంది. నిన్న ఒకాయన ఫోన్లో అరుస్తుంటే పక్కావిడకు ఒళ్ళు మండింది. వెంటనే ఆయన సీటు ఇంకో హాల్లోకి మారిపోయింది."

"మరి కోపం రానివాళ్ళ గతేంటి?"

"కోపం రాలేదంటే వాళ్ళు తృప్తిగా ఉన్నట్టే కద సార్" అంటూ ఆమె ట్యాబ్లెట్ భ్రమరాంబవైపు తిప్పి ఆశ్చర్యపోయింది. "సంతృప్తి తొంభై ఎనిమిది శాతం! ఇంత ప్రశాంతమైన నాడి నేనెప్పుడూ చూడలేదమ్మా."

"నా తమ్ముడికి ఆపరేషనమ్మా. లోపల కుతకుతలాడిపోతున్నాను" అంది భ్రమరాంబ, అదే నవ్వు మొహంతో.

"మరి బయటికి కనిపించదేం?"

"అలవాటైపోయింది" అంది ఆమె. ఎలా అలవాటైందో మాత్రం చెప్పలేదు.

మృణాళిని మొహం చిన్నబోయింది. చక్రాల కుర్చీని తనే రప్పించబోయింది గానీ చక్రాలు కదల్లేదు. సిఫార్సులు ఎక్కువయ్యాయని మేనేజ్‌మెంట్ ఆ అధికారం ఆమెకు కూడా లేకుండా చేసిందట. "ఒక్కటే దారి. మీరు కాస్త కోపం తెచ్చుకోండమ్మా" అని బతిమాలింది.

పాపం, భ్రమరాంబ ప్రయత్నించింది. కనుబొమలు ముడిచింది, పళ్ళు బిగించింది. ట్యాబ్లెట్ మీద అంకె కదల్లేదు. ఇంతలో పెనాంగ్ ప్రయాణికులకు ఆఖరి పిలుపు వినిపించింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాడి మాత్రం నిదానంగానే కొట్టుకుంటోంది.

పానకాలరావు ఆమెను ఎగాదిగా చూశాడు. ఇంతసేపూ మెషిన్ను అనుమానించిన మనిషి ఉన్నట్టుండి పార్టీ మార్చేశాడు.

"అది కాదుగానీ, నీకు నిజంగా మోకాళ్ళ నొప్పేనా? మెషిన్ ఊరికే అబద్ధం చెబుతుందా?"

భ్రమరాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమన్నారు? నొప్పి నిజమేనా అనా? కాపురానికొచ్చిన కాడ్నించీ నాకు జ్వరమొస్తే నిజమేనా, ఏడుపొస్తే నిజమేనా! ఆనాడు సాంబుగాడు మనకోసమే మామిడికాయల బస్తా మోసుకుంటా మీ రైలెక్కితే, చేతిలో టికెట్ ఉన్నోణ్ణి, దొంగ టికెట్టేమోనని తెనాలిలో ఎండలో దింపేశారు. టికెట్ ఉంది బావా అని వాడు మొత్తుకుంటే, ఉంటే ఉండొచ్చు, పక్కకి నిలబడు అన్నారంట! వాడు నవ్వి ఊరుకున్నాడు. నేనూ నోరు మూసుకున్నా. ఇప్పుడు వాణ్ణి చూడకుండానే వాడికేదన్నా అయితే, మిమ్మల్ని జన్మలో క్షమించను!"

పైనున్న బోర్డు పచ్చరంగు పోయి ఎర్రగా మారింది. నాలుగువైపుల నుంచి నాలుగు వీల్‌చెయిర్లు దూసుకొచ్చాయి. మంచినీళ్ళు వచ్చాయి, కాఫీ వచ్చింది, గంట నుంచీ కనిపించని మేనేజర్ చేతులు కట్టుకుని వచ్చాడు. భ్రమరాంబ ఒక కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే అది బాణంలా గేటువైపు పోయింది. పానకాలరావు రెండు బ్యాగులూ భుజాన వేసుకుని, ఆయాసపడుతూ వెనకాలే పరుగెత్తాడు.

గేటు దగ్గర గాజు తలుపులు విచ్చుకుని ఆమెను లోపలికి పంపించాయి. ఆయన కాలు పెట్టబోయేసరికి మూసుకుపోయాయి.

తలుపు మీద అక్షరాలు వెలిగాయి: 'ప్రయాణికురాలు భ్రమరాంబ. అసంతృప్తికి మూలకారణం గుర్తించి తొలగించాం. సహప్రయాణికుడికి రేపటి విమానంలో సీటు కేటాయించాం. మీ సహకారానికి ధన్యవాదాలు.'

"టికెట్ ఉందయ్యా నా దగ్గర! అసలైన టికెట్టే!" అంటూ పానకాలరావు చెయ్యెత్తి ఊపాడు.

"ఉంటే ఉండొచ్చు సార్. పక్కకి నిలబడండి" అన్నాడు గార్డు.

ఆ మాట వినగానే ఆయన చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

గాజు అవతల భ్రమరాంబ వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఒంటరిగా నిలబడి ఉండటం చూసి ముందు కంగారుపడింది. బీపీ మాత్ర వేసుకోమని నోటి దగ్గర వేళ్ళు పెట్టి సైగ చేసింది. తర్వాత నవ్వింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న నవ్వు కాదది. కుర్చీ మలుపు తిరిగి కనుమరుగైపోయింది.

పరుగున వచ్చిన మృణాళిని చేతిలో ట్యాబ్లెట్ వెలుగుతోంది. భ్రమరాంబ పేరు పక్కన నూటికి నూరు అని ఉంది.

"ఇందాక చూపించిన తొంభై ఎనిమిది అబద్ధమే కదమ్మాయ్?" అన్నాడు పానకాలరావు మెల్లగా. "మరి ఇదీ అబద్ధమేగా?"

మృణాళిని ట్యాబ్లెట్ కిందికి దించేసింది.

ఆయన వెనక్కి నడిచి, ఇంతసేపూ భార్య కూర్చున్న ఇనప కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ నూరు అంకె, గాజు అవతలి ఆ నవ్వు కళ్ళముందే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి, ఒకదాన్ని అనుమానించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.