పడవకు పాటల డబ్బా

భూపాలపల్లిలోని పాత సామాన్ల షాపులో నీరజ రెండు పాటల డబ్బాల ముందు నిలబడి ఉంది. ఒకటి టిఫిన్ బాక్సంత చిన్నది. రెండోది ట్రాక్టర్ మీంచి తీసిన పెద్ద సెట్టు, రెండు నల్లటి స్పీకర్లతో. రెండింటి ధరా ఒకటే. నాన్నతో కలిసి తెచ్చిన డబ్బుకు అంతకు మించింది రాదు.

"పెద్దదాని సౌండు తగ్గదు. బటన్ ఖరాబైంది. గందుకే అగ్గువకు ఇస్తున్న," అన్నాడు షాపతను.

నీరజ నాన్న ఎల్లేశ్ చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "మన పడవల ఎనిమిది మంది పడితే గొప్ప బిడ్డా. గిది సాలు."

"గది సెల్‌ఫోన్ లెక్క ఇనిపిస్తది బాపూ. పెద్దదే కొందాం. చెరువు కట్ట మీదికి గూడ ఇనపడాలె."

నీకు నచ్చిందే కొందామని ఎల్లేశ్ ఇంటి దగ్గర మాటిచ్చాడు. పెద్దదానికే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

అవి తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బడులు మూతబడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. చెరువు అవతలి పల్లె వాళ్ళంతా ఘనపూర్ రావడానికి ఎల్లేశ్ పడవే ఎక్కుతున్నారు. చేపలు పట్టే చిన్న పడవ అది. "ఆటోలల్ల తెలంగాణ పాటలొస్తున్నయి, నీ పడవల రావేంది?" అని వాళ్ళు నవ్వేవారు. అందుకే ఈ కొనుగోలు.

మర్నాడు పొద్దున నీరజ సెట్టును పడవ ముందు భాగంలో పెట్టించింది. బ్యాటరీ తీగ కలపగానే డప్పు దరువు దద్దరిల్లింది. నీళ్ళ మీది కొంగలు ఎగిరిపోయాయి. ఒడ్డున ఉన్న పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నీరజ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

పడవలో కూరగాయల గంపతో అంజమ్మ కూర్చుని ఉంది. ఆమె రోజూ ఈ పడవలోనే వెళ్ళి ఘనపూర్‌లో కూరగాయలు అమ్ముతుంది. రెండో పాట మొదలవగానే ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"బిడ్డా, జర తక్కువ పెట్టరాదు?"

"తగ్గదవ్వా. గట్లనే ఉంటది."

"అయితే బందు పెట్టు తల్లీ. గీ ఒక్క పాటకే."

"అందరు ఇంటున్నరు గదవ్వా," అంది నీరజ. ఆపలేదు.

అంజమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఒడ్డు వచ్చేదాకా నీళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

తర్వాతి రోజు అంజమ్మ రాలేదు. ఆ మరుసటి రోజు కూడా రాలేదు. మూడో రోజు ఖాళీ పడవతో తిరిగి వస్తుంటే, దూరంగా చెరువు కట్ట మీద ఒకామె కనిపించింది. నెత్తిన గంప. ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది.

"గామె అంజవ్వ గదా బాపూ? చుట్టు తిరిగి ఎందుకు పోతుంది?"

ఎల్లేశ్ తెడ్డు వేయడం ఆపాడు. సెట్టు తీగ పీకేశాడు. పాట ఆగిపోయింది.

"ఆమె కొడుకు సదయ్య యాదికున్నడా నీకు?"

"ధూంధాం సభలల్ల పాడేటోడు."

"ఆ. పోయిన వానకాలం గా పాటనే పాడిండు, నీ సెట్టుల రెండోది. వానల తడిసి ఇంటికొచ్చిండు. జరం వట్టింది. దవాఖానకు తీస్కపోయేసరికే ఆల్శమై పానం పోయింది." ఎల్లేశ్ తెడ్డును ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు గూడ యాదికి రాలే బిడ్డా. రావాల్సుండె."

నీరజకు కళ్ళు మండాయి. అంజమ్మ ఆపమన్నది ఒక్క పాటనే.

ఆ మధ్యాహ్నమే వాళ్ళు మళ్ళీ భూపాలపల్లి వెళ్ళారు. షాపతను పెద్ద సెట్టు వాపసు తీసుకోనన్నాడు. చిన్నది అప్పటికే అమ్ముడుపోయింది. ఆటోలో ఆ సెట్టును ఒళ్ళో పెట్టుకుని నీరజ ఇంటికి వచ్చింది. దాన్ని మంచం కిందికి తోసింది.

తెల్లారి ఆమె కట్ట మీదికి పరుగెత్తింది. సగం దూరంలో అంజమ్మ అందింది.

"అవ్వా, పడవ ఎక్కుదాం రా. ఇప్పుడు పాటల్లెవ్వు."

"అయ్యో, మీ బాపు పైసలు పెట్టి కొన్నడు గదనే."

"నేనే కొనిపిచ్చిన. నువ్వు బందు పెట్టుమన్నప్పుడు పెట్టకపోతిని. తప్పు నాదే అవ్వా."

అంజమ్మ గంప దించి ఒక పక్క తను పట్టుకుంది. రెండో పక్క నీరజ పట్టుకుంది. ఇద్దరూ పడవ దగ్గరికి వెనక్కి నడిచారు.

ఆ రోజు పడవలో అందరూ ఊరికే కూర్చున్నారు. తెడ్డు చప్పుడు తప్ప మరేమీ లేదు. చెరువు నడుమకు వచ్చాక నీరజ అంజమ్మ దగ్గరికి జరిగింది.

"అవ్వా, సదన్న చిన్నప్పటిసంది పాడుతుండెనా?"

ఎల్లేశ్ అడగొద్దన్నట్టు చూశాడు. అంజమ్మ పడవ అంచు మీంచి నీళ్ళలో వేళ్ళు ముంచింది.

"యాడ పాడుతుండె," అంది చివరికి. "గొంతే లేకుండె వానికి. బర్రెలను కాసుకుంట పాడితే అవి మేసుడు బందుపెట్టి అవతలికి పోయేటియి."

ఎవరో నవ్వారు. అంజమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొడుకు గురించి ఇంకో మాట చెప్పింది, ఆ తర్వాత మరొకటి.

పడవ ఒడ్డుకు తగిలింది. అంజమ్మ ఇంకా చెబుతూనే ఉంది. ఎవరూ దిగలేదు.