తాంబూలంలో ఐదు గుమ్మడి గింజలు

చలపతిరావు సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై నాలుగేళ్లయింది. ఆ సంగతి ఆయనకు తప్ప అమీర్‌పేటలో అందరికీ తెలుసు.

ఇంట్లో పెరుగు పులిస్తే పంచనామా. చెంచా కనబడకపోతే వాంగ్మూలాలు. మొన్న కూరలో ఉప్పెక్కువైతే, "పన్నెండుంపావుకి నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు.

"మీ మొహం చూస్తూ నిలబడ్డాను. అందుకే చెయ్యి జారింది" అంది భార్య కమలకుమారి.

అలాంటి మనిషికి నిజంగానే ఒక కేసు దొరికింది.

2003, డిసెంబర్ 4. గురువారం. ఉదయం 6:50.

శవం ఐదో అంతస్తు పైన డాబా మీద ఉంది. బరువు నలభై ఒక్క కిలోలు. ఒళ్లంతా బొడిపెలు. నడుం దగ్గర అరచేతి వెడల్పున పగిలి, లోపలి గుజ్జు కుళ్లింది. చుట్టూ తీగ పాలిపోయి, ఆకులు ముడుచుకుని పడి ఉన్నాయి.

రాక్షస గుమ్మడి. నాలుగో అంతస్తు కృపామణిది. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం చర్చిలో కోత పండుగ. బలిపీఠం ముందు పెడతానని మొక్కుకుని, మూడు నెలలు పసిబిడ్డలా సాకింది.

"ఎవరో చంపేశారు కమలక్కా" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వారం నుంచీ రోజుకింత చచ్చిపోతోంది. వేపనూనె కొట్టాను, ప్రార్థన చేయించాను. ఏదీ పట్టలేదు."

కమలకుమారి వంగి చూసింది. ఆమెదీ ఇలాంటి పంటే. నిరుడు అక్క కొడుకు సాయికిరణ్ ఆఫీసు పని మీద ఇంగ్లండ్ వెళ్లి, అక్కడెవరో ఇచ్చిన గింజలు సాక్సులో పెట్టి తెచ్చాడు. బేగంపేటలో అక్క పెరట్లో వేస్తే వేసవికి నలభై ఆరు కిలోల కాయ. ఇది నలభై ఒకటేనని మనసులో లెక్క కూడా వేసుకుంది. చావింట్లో అలా అనుకోకూడదని తర్వాత సిగ్గుపడింది.

మొదలు దగ్గర ఖాళీ ఫినాయిల్ డబ్బా. చలపతిరావు దాన్ని చేతిరుమాలుతో ఎత్తాడు.

"బుచ్చయ్యా! ఇది ఎవరిది?"

వాచ్‌మన్ బుచ్చయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాదే సారూ. గచ్చు మీద కొట్టిన. జోగారావు సారే కొట్టమన్నడు."

"చెట్టు మీద కోపమని మొన్న అరిచావట?"

"పది బకెట్లు మోస్తున్న సారూ, రోజూ పొద్దుగాల. నడుం పోతుంటే జర గొణుక్కున్న. గంతమాత్రాన సంపుతనా?"

అసోసియేషన్ ప్రెసిడెంట్ జోగారావు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆదివారం పదింటికి మీటింగ్. అందరి ముందూ తేల్చి, ఇతన్ని పంపేద్దాం. మెట్ల కింద గది ఖాళీ చేయించేద్దాం."

ఆ గదిలో బుచ్చయ్య భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. దసరా తర్వాతే వచ్చారు. చిన్నదానికి ఈమధ్యే బడిలో సీటు దొరికింది.

"కేసు క్లోజ్" అన్నాడు చలపతిరావు మెట్లు దిగుతూ.

"మీరు క్లోజ్ చేసినవన్నీ ఇలాగేనా?" అంది కమలకుమారి. ఆయన వినబడనట్టు నటించాడు. ఆమె మాత్రం రెండు ఆకులు తుంపి ప్లాస్టిక్ కవర్లో వేసుకుంది.

శుక్రవారం, 11:40. రాజేంద్రనగర్ ల్యాబ్.

మంజూష బీఎస్సీ బోటనీలో కమలకుమారికి బెంచ్‌మేట్. ఇప్పుడు మొక్కల తెగుళ్ల సైంటిస్టు. ఆకుని వెలుతురుకి పట్టి చూసింది. ముదురాకుపచ్చ, లేత పసుపు, గళ్లుగళ్లుగా.

"ఫినాయిల్ పోస్తే ఆకు మాడుతుందే. ఇలా గళ్లు పడదు. ఇది వైరస్. నా అనుమానం గింజలోనే వచ్చిందని. ఖాయంగా చెప్పడానికి టెస్ట్ చెయ్యాలి, వారం పడుతుంది."

"మందు?"

"లేదు."

"ఏదీ లేదా?"

"పీకి కాల్చెయ్యడమే. ఆ తీగ తాకిన చేత్తో పక్క తీగ తాకినా అంటుకుంటుంది. దోస, పొట్ల, సొర, దేన్నీ వదలదు. పైదేశం గింజ అయితే దిగుమతి చేసేటప్పుడు పరీక్ష చెయ్యాలి. సాక్సుల్లో వచ్చేవాటికి ఎవరు చేస్తారు?"

సాక్సుల మాట మంజూష మాటవరసకి అంది. కమలకుమారికి మాత్రం సాయికిరణ్ సాక్సు గుర్తొచ్చింది.

కాదులే అనుకుంది. బేగంపేట కాయ గింజలు తను పేరంటానికి పిలిచిన పదకొండు మందికే ఇచ్చింది. కృపామణిని పిలవలేదు. ఆవిడ పేరంటాలకి రాదు.

సాయంత్రం 5:15. కృపామణి ఇల్లు.

"గింజలెవరిచ్చారు మణీ?"

"జానకీదేవిగారక్కా. ఆవిడ వెయ్యలేదు, నడుం నొప్పని నాకిచ్చారు."

కమలకుమారి మనసు గంతేసింది. బట్టల తీగ గొడవ నుంచి జానకీదేవితో మాటల్లేవు. కేసుకి ఇంతకన్న మంచి ముద్దాయి దొరకదు.

అప్పుడే గోడ మీద ఫొటో కనిపించింది. కృపామణి కూతురు ఫెయిత్, కుండీ పక్కన వంగి నవ్వుతోంది. కుండీలో నాలుగాకుల మొక్క. ఫొటో మూలన కెమెరా వేసిన ఎర్ర తేదీ: 14 9 '03.

"ఇది నాకు రెండ్రోజులియ్యి" అంది.

5:40. మూడో అంతస్తు. తలుపు తీసిన జానకీదేవి ఆశ్చర్యాన్ని దాచుకోలేదు.

"దారి తప్పారా?"

"గుమ్మడి గింజలు మీకెక్కడివి?"

"మూడో శ్రావణ శుక్రవారం తాంబూలంలో వచ్చాయి. జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు, గింజల పొట్లం. జాకెట్టు ముక్క నాలుగో శుక్రవారం వేరేవాళ్లకి పెట్టేశాను. మీరేమన్నా దాచుకుని కుట్టించుకుంటారా ఏంటి?"

"ఎవరిచ్చారు?"

"శ్రీనగర్ కాలనీ సుమశ్రీ."

 సుమశ్రీ, కమలకుమారి పేరంటానికి పిలిచిన ఆ పదకొండు మందిలో ఒకతె.

శనివారం, 10:20. శ్రీనగర్ కాలనీ.

"అవి మీరిచ్చినవే కదా ఆంటీ!" సుమశ్రీ లోపలికెళ్లి డబ్బా తెచ్చింది. అడుగున ఇంకో పొట్లం. అమీర్‌పేటలో ఒరాకిల్ కోర్సు నేర్పే సెంటర్ కరపత్రాన్ని మడిచి చేసినది. పైన నీలం సిరాతో కమలకుమారి చేతిరాత: 'రాక్షస గుమ్మడి. ఐదు గింజలు. తప్పక వెయ్యండి!'

ఆ ఆశ్చర్యార్థకం ఆమెను చూసి వెక్కిరించింది.

"మీరు నాకు మూడు పొట్లాలిచ్చారుగా. ఒకటి జానకీదేవి ఆంటీకి. ఒకటి మా అమ్మకిస్తే తెనాలి దగ్గర మా మావయ్య పొలానికి పంపింది. ఈమధ్య ఆయన దోసపాదులన్నీ పసుపెక్కి ముడుచుకుపోతున్నాయట. చలికేమో అంటున్నాడు."

"ఎన్ని పాదులు?"

"ఎకరంపైనే."

కమలకుమారి ఆ పొట్లం సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయారు. పదకొండు మంది. తలా కొన్ని పొట్లాలు. ఒక్కొక్కరూ ఎక్కడికి పంచారో, వాళ్లెవరికి పంచారో! వెనక్కి తెచ్చుకునే దారి లేదు. ఇంటికెళ్లి వరసగా ఫోన్లు చేసింది. నలుగురు ఎత్తలేదు. ముగ్గురికి అసలు గుర్తే లేదు. ఒకావిడ, "కూతురి అత్తగారికిచ్చాను, కాకినాడలో. ఎంత బాగా పాకిందో!" అని మురిసిపోయింది.

ఆదివారం, 10:00. డాబా.

అందరూ వచ్చారు. జోగారావు, జానకీదేవి, కృపామణి, ఫెయిత్, ఫినాయిల్ డబ్బాతో చలపతిరావు. గోడవారన బుచ్చయ్య. అతని భార్య అప్పుడే సామాన్లు మూటగట్టేసిందని ఎవరో అన్నారు.

"ముందు నేను నాలుగు ముక్కలు చెబుతాను" అంది కమలకుమారి. ఫొటో జోగారావు చేతికిచ్చింది. "ఏం కనబడుతోంది?"

"మన ఫెయిత్."

"అందరూ ఫెయిత్‌నే చూశారు. ఆకు చూడండి."

జోగారావు కళ్లజోడు తీసి దగ్గరగా పట్టుకున్నాడు. "గళ్లుగళ్లుగా ఉందే."

"తేదీ?"

"సెప్టెంబర్ పధ్నాలుగు."

"బుచ్చయ్య పనిలో చేరింది?"

"దసరా అయ్యాక... అక్టోబర్ పది."

"అతను ఈ గేటు తెరవకముందే మొక్కకి జబ్బుంది. పుట్టుకతో వచ్చింది. ల్యాబ్‌లో అడిగాను. ఇది విషం కాదు, గింజలో దాక్కున్న వైరస్ అంటున్నారు. ఫినాయిల్‌కీ దీనికీ సంబంధం లేదు."

చలపతిరావు డబ్బా మెల్లిగా కింద పెట్టాడు.

కృపామణి తీగవైపు చూసింది. "అయితే బతికించలేమా అక్కా? కొసన ఇంకో పిందె ఉంది..."

"లేదమ్మా. పీకి కాల్చెయ్యాలి. మనమేం చెయ్యలేం."

ఫెయిత్ తల్లి భుజం పట్టుకుంది.  కింద కోచింగ్ సెంటర్ లౌడ్‌స్పీకర్లో జావా డెమో క్లాసు ఉచితమని అరుస్తోంది.

"పోనీలెండి" జోగారావు తేలిగ్గా ఊపిరి తీశాడు. "అయితే ఎవరి తప్పూ కాదన్నమాట. బుచ్చయ్యా, నువ్వు పోయి పని చూసుకో."

తప్పించుకోవడానికి మంచి అవకాశం. అందరూ లేస్తున్నారు. జానకీదేవి మాత్రం కమలకుమారి మొహంలోకే చూస్తోంది. 

బుచ్చయ్య కదల్లేదు.

"మరి గా ఇత్తులు యాడికెల్లి వచ్చినయమ్మా? మూడు దినాల సంది నా పిల్లలు అన్నం తినలే. జర ఎరుక చేసుకుందమని."

కమలకుమారి సంచిలోంచి పొట్లం తీసింది. నీలం సిరా రాత అందరికీ కనబడేలా పట్టుకుంది.

"నా దగ్గర్నుంచే, బుచ్చయ్యా. ఈ రాత నాది. బేగంపేటలో కాసిన కాయవి. దాని ఆకుల మీదా ఇవే గళ్లు. మే నెలలోనే చూశాను. బోటనీ చదివినదాన్ని, అదేంటో నాకు తెలీక కాదు. కాయ పెద్దదైందని కళ్లు మూసుకున్నాను. ఎవరైనా చూస్తారని ఆ ఆకులు తుంపి పారేశాను. గింజలు మాత్రం పసుపూ కుంకుమా పెట్టి పంచాను."

కృపామణి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"నిన్నన్న మాటలన్నీ నన్ననాల్సినవి. తప్పు నాదే."