మైనస్ ఎనిమిదిలో నూలు బనియన్

మే నెల. తెనాలి. ఉదయం పదిన్నరకే ఎండ నలభై రెండు దాటింది.

"స్వెట్టర్లు ఉన్నాయాండి?" అని అడిగాడు వినయ్ కుమార్.

హోజరీ కొట్టు యజమాని ఆశ్చర్యపోలేదు. "ఉన్నాయండి. ఇంకా మడత విప్పలేదు. లోపలికి రండి," అన్నాడు.

అది కోడ్. మే నెలలో తెనాలిలో స్వెట్టర్ అడిగేవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, డిపార్ట్‌మెంట్ ఏజెంటైనా అయ్యుండాలి. పదేళ్ల సర్వీసు తర్వాత ఆ రెండింటికీ పెద్ద తేడా లేదని వినయ్‌కి అర్థమైంది.

వెనక గదిలో బనియన్ల అట్టపెట్టెల మధ్య చీఫ్ మధుసూదన్ కూర్చుని ఉన్నాడు. కుశలప్రశ్నలు ఆయనకి అలవాటు లేదు.

"లిస్టు పోయింది."

"ఏ లిస్టండి?"

"నువ్వు రాసిందే. పదకొండు పేర్లు."

ఆ పదకొండు మందీ నిజాంపట్నం హార్బర్ జాలరులు. సముద్రంలో కొత్త పడవ కనిపిస్తే వినయ్‌కి చెప్పేవాళ్లు. మొదటి పేరు జాన్ బాబుది. "నీ పేరు ఎక్కడా రాయను అన్నయ్యా," అని మూడేళ్ల కిందట అతని అరుగు మీద కూర్చుని, అతని ఇంటి చేపల పులుసు తింటూ మాటిచ్చాడు వినయ్. నెల తిరక్కుండా హెడ్డాఫీసు అడిగింది. రాసిచ్చాడు.

"విదేశీ ముఠా," అన్నాడు మధుసూదన్. "రేపల్లె దాటాక ఒక ఐస్ ఫ్యాక్టరీ కొన్నారు. లిస్టు మెమరీ కార్డులో ఉంది, కార్డు స్టీల్ క్యాప్సూల్‌లో ఉంది. అది కాపీ అవదు. చదివే మెషిన్ సముద్రంలో వాళ్ల ఓడ మీద ఉంది. సాయంత్రం అయిదుకి ఐస్‌తో పాటు క్యాప్సూల్ బయల్దేరుతుంది."

"రైడ్ చేద్దామండి."

"రెండుసార్లు చేశాం. రెండుసార్లూ మనకన్నా ముందే కబురు వెళ్లింది."

"పోనీ ఆ జాలరులని ఊరు వదిలి వెళ్లమందాం."

"పదకొండు కుటుంబాలు ఒక్కరోజే ఊరొదిలితే ఇంక లిస్టెందుకు? ఆ పదకొండు మందీ ఎవరో ఊరే చెబుతుంది."

మధుసూదన్ ఒక అట్ట మీద ట్యాంకు బొమ్మ గీశాడు.

"క్యాప్సూల్ ఐస్ ట్యాంకులో ఉంది. ఉప్పునీళ్లు, ఏడడుగుల లోతు, మైనస్ ఎనిమిది డిగ్రీలు. ఐస్ కట్టే డబ్బాలు అందులో వరసలుగా వేలాడతాయి. నాలుగో వరస, తొమ్మిదో డబ్బా. దాని అడుగున మాగ్నెట్‌తో అంటించారు. పైన కాపలా ఉంది. నువ్వు మెషిన్ రూమ్ వైపు దిగి డబ్బాల కింద పాకాలి."

"సమాచారం ఎవరిదండి?"

"చంద్రికది. ముఠాలో మన మనిషి. చలి ఆగడానికి సూట్ లోపల వేసుకునే ఇన్నర్లు తనే తెచ్చిస్తుంది. బాపట్ల వెళ్లు."

బాపట్లలో తోమాసు ఉన్నాడు. నేవీలో పాతికేళ్లు డైవర్‌గా చేసి రిటైరయ్యాడు. మంచం మీద రెండు డ్రైసూట్లు, నీళ్లలో ఒళ్లు తడవనివ్వని తొడుగులు, పరిచాడు.

"ఇది నియోప్రీన్. స్పాంజి లాంటి రబ్బరు. దానంతటదే వెచ్చగా ఉంటుంది. కానీ లావు. డబ్బాల కింద రెండడుగుల సందు, అందులో ఇరుక్కుపోతావు. ఇదేమో ట్రైలామినేట్. రెయిన్‌కోటు టైపు. నీళ్లు రానివ్వదు, అంతే. వెచ్చదనం మొత్తం లోపల వేసుకునే బట్టలదే."

"ఏది తీసుకోమంటారు బాబాయ్?"

"ఛాయిస్ ఉంటే కదా అడగడానికి. పల్చటిదే." ఎడమ భుజం మీదున్న బిళ్ల చూపించాడు. "ఇది గాలి వదిలే వాల్వ్. ఆ ట్యాంకులో ఉప్పు సముద్రం కన్నా బాగా ఎక్కువ, బెండులా తేలిపోతావు. అందుకే సీసం బెల్టు పది కిలోలు ఎక్కువ కడుతున్నాను. చేతులు పనిచెయ్యకపోతే ఈ భుజాన్ని దేనికన్నా ఆనించి నొక్కు. గాలి పోయి రాయిలా మునుగుతావు."

అప్పుడే చంద్రిక కారు వచ్చింది. నల్ల కళ్లద్దాలు, లేత నీలం చీర, వీధి చివరిదాకా సెంటు వాసన. ఎదురింటాయన విసనకర్ర విసురుకోవడం ఆపేశాడు.

"మెరినో ఉన్ని అండి, వినయ్ గారూ," అంటూ ప్యాకెట్ అందించింది. "చాలా మెత్తగా ఉంటాయి. జాగ్రత్తండి." నవ్వి వెళ్లిపోయింది.

తోమాసు ఇన్నర్ అంచు నుంచి ఒక పోగు లాగాడు. అగ్గిపుల్ల గీసి అంటించాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"మా నాన్న మగ్గం మీద బతికిన మనిషి. ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది. ఇది కాగితం కాలిన వాసన."

"అంటే ఏంటి?"

"నూలు. చెమట పీల్చుకుని తడిసి ముద్దవుతుంది, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. మైనస్ ఎనిమిదిలో పది నిమిషాలు. ఆ తర్వాత నిన్ను ఐస్‌తో పాటే లారీకి ఎక్కిస్తారు."

రెండు రైడ్ల కబురు ఎవరు మోశారో వినయ్‌కి ఇప్పుడు తెలిసింది. ఇంకోటి కూడా అర్థమైంది. నాలుగో వరస, తొమ్మిదో డబ్బా చెప్పింది కూడా చంద్రికే.

"మొత్తం అబద్ధమేనేమో బాబాయ్."

"కావచ్చు. కాకపోతే ఒక్కటి ఆలోచించు. పదినిమిషాల్లో చచ్చేవాడికి అబద్ధం చెప్పే శ్రమ ఎందుకు పడుతుంది?"

ఆ రోజు వాళ్లకి దొరికిన ధైర్యం అంతే. తోమాసు తన పాత ఉన్ని ఇన్నర్లు సంచిలో పెట్టాడు. "అక్కడికెళ్లేదాకా వేసుకోకు. ముందే చెమట పడితే ఉన్ని కూడా కాపాడదు," అన్నాడు.

అమోనియా కంప్రెసర్ మెకానిక్కుల వేషం. ఖాకీ బట్టలు, గ్రీజు మరకలు. సూట్ పనిముట్ల పెట్టెలో, ఎయిర్ సిలిండర్ మీద గ్యాస్ కంపెనీ రంగు. పిట్టలవానిపాలెం, చెరుకుపల్లి మీదుగా డొక్కు వ్యాన్లో వెళ్లారు. దిగేసరికి ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. గేటు దగ్గర వాచ్‌మన్ జాలిపడి మంచినీళ్లు ఇచ్చాడు.

నాలుగు ముప్పావు. మెషిన్ రూమ్. కంప్రెసర్ మోతలో పక్కనున్న మనిషి మాట వినపడదు. తోమాసు తలుపు దగ్గర కాపలా కాస్తుంటే వినయ్ ఖాకీ విప్పాడు, ఉన్ని ఇన్నర్లు తొడిగాడు, పైన సూట్ ఎక్కించాడు. తోమాసు మెడ చుట్టూ బిగిసే రబ్బరు సీల్‌కి పౌడర్ రాసి, వీపు వెనక జిప్ లాగి, ఉన్ని అస్తరున్న గ్లవ్స్ బిగించి, ట్యాంకులోకి దించాడు.

నాలుగో నిమిషంలో వినయ్‌కి గుండెల మీద ఐస్ గడ్డ పెట్టినట్టనిపించింది. సూట్ కారుతోందేమో అనుకున్నాడు. కారడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

బనియన్ తియ్యలేదు.

చిన్నప్పటి నుంచీ ఒంటి మీద బనియన్ లేకుండా అతను ఏ చొక్కా తొడగలేదు. పైగా ఉన్ని దురద పెడుతుంది. తెనాలి నుంచి రేపల్లె దాకా కారిన చెమటంతా ఆ నూలులోనే ఉంది. చంద్రిక చెయ్యలేని పని తన బనియన్ చేస్తోంది.

డబ్బాల కింద చీకట్లో, తలకి కట్టిన లైటు వెలుగులో లెక్కపెడుతూ పాకాడు. నాలుగో వరస. ఏడు. ఎనిమిది. తొమ్మిది. వేలెడంత స్టీల్ క్యాప్సూల్ అక్కడే మెరిసింది. చంద్రిక నిజమే చెప్పింది.

చెయ్యి చాచాడు. వేళ్లు ముడుచుకోలేదు. అవి తనవి కానట్టే ఉన్నాయి. ఇంత దూరం వచ్చి, ఇక అయిపోయింది అనుకున్నాడు. జాన్ బాబు అరుగు, పులుసు గిన్నె కళ్ల ముందు కదిలాయి. ఏడుపొచ్చింది.

పైన గొలుసులు కిర్రుమన్నాయి. అయిదయింది. క్రేన్ నాలుగో వరసని పైకి లాగడం మొదలెట్టింది.

వినయ్ రెండు మణికట్ల మధ్య క్యాప్సూల్‌ని ఇరికించాడు. ఎడమ భుజాన్ని పక్క వరస డబ్బాకి ఆనించి బలమంతా పెట్టి నొక్కాడు. సూట్‌లో గాలి బుస్సుమంటూ పోయింది. సీసం బెల్టు అతన్ని కిందికి గుంజింది, క్రేన్ డబ్బాని పైకి గుంజింది. మాగ్నెట్ ఊడింది. డబ్బా క్యాప్సూల్ లేకుండానే వెలుతురులోకి వెళ్లిపోయింది.

తోమాసు బయటికి లాగేసరికి అతనికి మాట పెగల్లేదు. వ్యాన్లో పడుకోబెట్టి, బనియన్ కత్తిరించి పారేసి, ఆ నలభై డిగ్రీల ఎండలో మూడు దుప్పట్లు కప్పాడు.

క్యాప్సూల్ లేదని తెలియగానే ముఠా ఒక్కరినే అనుమానించింది. ముఠా పెద్దలు కాక ఆ డబ్బా నంబరు తెలిసిన మనిషి చంద్రికే కదా. ఆమె ప్రాణభయంతో పరుగెత్తి, రోడ్డు మీద కనిపించిన మొదటి జీపు ఎక్కింది. అది డిపార్ట్‌మెంట్ జీపు.

మూడోరోజు వినయ్ హార్బర్‌కి వెళ్లి జాన్ బాబుకి నిజం చెప్పాడు. జాన్ బాబు వలలో చిక్కు విప్పుతూనే విన్నాడు.

"రాయనన్నావు గదా తమ్ముడూ," అన్నాడు చివరికి. కోపంగా కూడా అనలేదు. ఈసారి పులుసు పెట్టలేదు. వినయ్ అక్కడే, అతని ఎదుటే కార్డు తగలబెట్టాడు. పోయిన నమ్మకం మాత్రం దాంతో తిరిగి రాలేదు.

తెనాలి వెనక గదిలో మధుసూదన్ తెల్లకాగితం ముందుకి తోశాడు. "కార్డు పాడైందన్నావుగా. పదకొండు పేర్లూ మళ్లీ రాసివ్వు. రెండు కాపీలు."

"గుర్తులేవండి."

"అదేంటి?"

"చలికి మర్చిపోయానండి."

మధుసూదన్ అతని కుడిచేతి వంక చూశాడు. అందులో రెండు వేళ్లకి ఇంకా స్పర్శ రాలేదు. కాగితం వెనక్కి తీసుకున్నాడు.

బయటికొస్తుంటే కొట్టు యజమాని పిలిచాడు. "మంచి నూలు బనియన్లు వచ్చాయండి. రెండు కట్టమంటారా?"

"వద్దండి," అన్నాడు వినయ్. "స్వెట్టర్లు ఉన్నాయా?"

యజమాని తలూపి వెనక గది తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఈసారి అది కోడ్ కాదని అతనికి చెప్పడానికి వినయ్‌కి పది నిమిషాలు పట్టింది.