లేబుల్ అంటించాకే నవ్వాలి

"చెయ్యి చాపండి."

"ఏ చెయ్యి?"

"మీకెన్ని ఉన్నాయి?"

"రెండే. ఒకటి స్టీరింగ్‌కి, ఒకటి గేరుకి. మూడోది ఉంటే మీకే ఇచ్చేవాణ్ని."

ల్యాబ్ అమ్మాయి నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఆమెకు నేర్పిన నియమం ఒకటుంది. పేరు అడగాలి, రక్తం తీయాలి, ఆ మనిషి కుర్చీలోంచి లేవకముందే అతని కళ్లెదుట ట్యూబుకి పేరు లేబుల్ అంటించాలి. ఆ తర్వాత నవ్వుకుంటావో ఏడ్చుకుంటావో నీ ఇష్టం.

ఆ ఉదయం సగం తప్పు అప్పటికే జరిగిపోయింది. అతనికి ముందు కూర్చున్న టైలర్ బామ్మ "షాపు తెరవాలి తల్లీ" అంటూ మోచేతికి దూది అదుముకుని పరుగు తీసింది. ఆవిడ ట్యూబు లేబుల్ లేకుండానే స్టాండులో ఉంది. ఇతని పని అయ్యాక అంటిద్దాంలే అనుకుంది అమ్మాయి.

"పేరు చెప్పండి."

"ముందు మీది చెప్పండి. పొడిచిందెవరో తెలియాలిగా, రేపు పోలీసులు అడిగితే?"

నవ్వేసింది. అతను వ్యాన్ డ్రైవరు. సిటీ బస్సు నడిపే ఉద్యోగానికి ఎంపికయ్యాడు, మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇన్ని కబుర్లు చెప్పినవాడు సూది కనపడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆరడుగుల మనిషి, చంటిపిల్లాడిలా బిగుసుకుపోయాడు. ఆమెకి మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే అతని ట్యూబుని కూడా స్టాండులో పెట్టింది, అతను గుమ్మం దాటేదాకా చూసింది, వచ్చి రెండు ట్యూబులకీ రెండు లేబుళ్లు అంటించింది.

అతని రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. బామ్మ రిపోర్టే బాగాలేదు, రెండు కిడ్నీలూ సగానికి పైగా పాడయ్యాయని చెబుతోంది. పాపం అనుకుంటూ దాన్ని కవరులో పెట్టింది అమ్మాయి.

రిపోర్టు తీసుకోవడానికి అతను వచ్చిన సాయంత్రం వాన పట్టుకుంది. చూరు కింద నిలబడ్డాడు.

"గొడుగు తెచ్చుకోలేదా?"

"తెచ్చాను. వ్యాన్‌లో ఉంది."

"వ్యాన్ ఎక్కడ?"

"అదిగో, ఎదురుగానే."

"మరి వెళ్లొచ్చుగా?"

"వాన తగ్గాలి కదండీ, గొడుగు తెచ్చుకోవాలంటే."

వాన తగ్గింది. అతను వెళ్లలేదు. మర్నాడు వాన లేకుండానే వచ్చాడు. వీధి చివర టీ బడ్డీ దగ్గర రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టడం టీ కొట్టువాడికి అలవాటైపోయింది. వీళ్లిద్దరికీ మాత్రం తమ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని గట్టి నమ్మకం.

రెండు వారాల తర్వాత టైలర్ బామ్మ ల్యాబ్‌లోకి తుఫానులా వచ్చింది.

"ఏమ్మా, నా కిడ్నీలు పోయాయన్నారుగా? మావాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రెండూ శుభ్రంగా ఉన్నాయన్నారు! ఇన్నాళ్లూ ఉప్పులేని కూడు తిన్నాను. నా కోడలు ఏడ్చి ఏడ్చి చిక్కిపోయింది. అది నాకోసం ఏడవడం ఇదే మొదటిసారి, ఆ సంతోషం ఒక్కటే మిగిల్చారు, అంతే!"

ల్యాబ్ డాక్టరుగారు పరుగున వచ్చి, మిషన్ తేడా చేసిందని చెప్పి, డబ్బు వాపసిచ్చి, ఆవిణ్ని మెల్లగా మెట్లు దింపారు. అమ్మాయి కదల్లేదు. లేబుల్ లేని రెండు ట్యూబులు ఆమె కళ్ల ముందు కనిపిస్తున్నాయి.

"సార్, ఆవిడ రక్తం మంచిదైతే, ఆ చెడ్డ రక్తం ఎవరిది?"

"తలుపు వెయ్యి" అన్నారు డాక్టరుగారు.

ఆయన చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. గ్లాసుతో నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పారు.

"ఆ అబ్బాయిని ఉద్యోగంలో చేరనీ. ఓ నెల పోయాక ఉచితంగా పరీక్షలు చేస్తున్నామని పిలుద్దాం. మళ్లీ రక్తం తీద్దాం, జబ్బు ఇప్పుడే బయటపడిందని చెబుదాం. అతనికి వైద్యం అందుతుంది, ఉద్యోగం నిలుస్తుంది. నీ ఉద్యోగమూ ఉంటుంది, నా ల్యాబ్ పరువూ ఉంటుంది. ఇందులో ఎవరికి నష్టం, చెప్పు?"

ఎవరికి నష్టమో అమ్మాయి వెతికింది. దొరకలేదు. దొరకనందుకే భయమేసింది. నిజంగా ఎవరికీ నష్టం లేని అబద్ధాన్ని కాదనడం ఎలాగో ఆమెకి తెలియలేదు. "సరే సార్" అనడానికి నోరు తెరిచింది కూడా.

అప్పుడే బయటినుంచి కేక వినిపించింది. "ఏమండీ! పొడిచే అమ్మాయిగారూ!"

వానలో తడిసిన చొక్కా, చేతిలో స్వీట్ల పెట్టె, జేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఉద్యోగం ఆర్డరు. నోరంతా నవ్వే.

"మీ చేతి చలవండీ. సోమవారం నుంచి బస్సు నాదే. నా రక్తం మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, నాన్న కూడా ఏ జబ్బో తెలియకుండానే పోయాడు. కానీ మీ చెయ్యి మంచిదండీ." కొంచెం గొంతు తగ్గించాడు. "ఇంకో మాట ఉంది. దాన్ని నేను అడిగితే బాగోదు. రేపు మా అమ్మ వచ్చి అడుగుతుంది."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు అది చెవిన పడగానే ఆ మంచి చెయ్యి ఆమె వెనక్కి దాక్కుంది.

"ఆ రిపోర్టు మీది కాదు" అంది.

"అయితే మా పక్కింటివాడిదా?" అని నవ్వాడు. తానొక్కడే నవ్వుతున్నానని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

మొత్తం చెప్పింది. బామ్మ తొందర, లేబుల్ లేని ట్యూబులు, తన నవ్వు, డాక్టరుగారు చెప్పిన నెల సంగతి, ఏదీ వదల్లేదు. అతను కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆమె అతని ఎదుటే లేబుల్ అంటించింది. గంటలో తెలిసిపోయింది. చెడ్డ రక్తం అతనిదే.

"ఒక్క నెల ఆగలేకపోయారా?" అన్నాడు. "ఒక్క నెల జీతం అమ్మ చేతిలో పెట్టేవాణ్ని."

"ఆగుదామనే అనుకున్నాను. మీరు నా చెయ్యి మంచిదన్నారు. ఆ మాట విన్నాక ఆగలేకపోయాను."

అతను లేచి వెళ్లిపోయాడు. స్వీట్ల పెట్టె బల్లమీదే ఉండిపోయింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. అడగడానికి కాదు.

"నువ్వేనా ఆ నవ్వులమ్మాయివి? నీ నవ్వు పాడుగాను! పొరపాటు చేశావు, మనుషులన్నాక చేస్తారు. చేసినదానివి నోరు మూసుకుని ఉండొద్దూ? వాడు డిపోకి వెళ్లి ఆ మంచి రిపోర్టు నాది కాదని వాడి నోటితో వాడే చెప్పొచ్చాడు. ఎవరూ అడగలేదే! నేను కాళ్లు పట్టుకున్నా వినలేదు. 'ఆ అమ్మాయి చెప్పింది, నేను దాస్తానా' అన్నాడు. అంటించావుగా వాడికి, ఆ జబ్బు చాలదన్నట్టు ఈ జబ్బు కూడా!"

అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి విన్నది. తిట్ల మధ్య అతనన్న ఆ ఒక్క మాట మాత్రం తీసి దాచుకుంది. సాయంత్రానికి డాక్టరుగారు ఆమెను ఉద్యోగం మానిపించారు. ఆయన కళ్లలో కోపం లేదు, ఆమె వైపు చూడలేక గోడకేసి చూశారు.

తర్వాత ఆమెకి ఇంటింటికీ తిరిగి రక్తం తీసే పని దొరికింది. పాత స్కూటరు, వెనకాల ఐస్ పెట్టె, తెల్లారకముందే మొదలయ్యే వీధులు. చాలామంది ముసలివాళ్లు, మంచం దిగలేనివాళ్లు. పేరు అడిగేది, తీసేది, అంటించేది. ఆ ఇళ్లలో నవ్వడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, అదీ ఒకందుకు మంచిదే అనుకుంది. వాన పడితే మాత్రం చూరు కింద ఆగకుండా తడుస్తూనే పోయేది.

చలి ముదిరిన ఒక ఉదయం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "ఈ ఇంటికి నువ్వే వెళ్లాలట. వేరేవాళ్లని పంపితే చెయ్యి చాపడట."

తలుపు తీసింది ఆ వ్యాన్ డ్రైవరు తల్లే. బాగా చిక్కిపోయింది.

"చెప్పులు అక్కడ వదిలి రా" అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "పెద్ద డాక్టరు చెప్పాడు. ఇంకో నాలుగు నెలలు తెలియకుండా బరువులెత్తుకుంటూ, నొప్పి మాత్రలు మింగుకుంటూ తిరిగి ఉంటే చేతులెత్తేసేవాళ్లమన్నాడు. ఆ సంగతి నీతో చెప్పాలనే ఉంది. ఏ ముఖం పెట్టుకుని రాను?"

అతను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి. స్కూటర్ స్టాండులో టోకెన్లిచ్చే పని చేస్తున్నాడట. ఆమెను చూసి నవ్వబోయి ఆగాడు.

"చెయ్యి చాపండి" అంది.

"ఏ చెయ్యి?" అనలేదు. చాపాడు.

"పేరు చెప్పండి."

ఇంటిపేరుతో సహా చెప్పాడు, బళ్లో హాజరు పలికినట్టు. ఆమె రాసింది, తీసింది, అంటించింది, ట్యూబుని అతని కళ్లముందు పెట్టింది. అతను లేబుల్‌ని పైకి చదివాడు.

"నాదే" అన్నాడు. "ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"ఊఁ."

"మందులు పనిచేస్తే కొన్నేళ్లు. చెయ్యకపోతే రక్తం శుభ్రం చేసే మిషన్ మీద పడుకోవాలి. ఎన్నాళ్లో వాళ్లకే తెలియదు. ఈ ఒంటితో మిమ్మల్ని అడగడం అన్యాయం, నాకు తెలుసు. కానీ అడగాలని లేదంటే అబద్ధమవుతుంది. మీతో అబద్ధమాడలేను. అందుకని అడుగుతున్నాను, కాదన్నా ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి చెప్పను."

"ఇప్పుడే చెప్పేశారుగా" అంది ఆమె.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. తర్వాత వాళ్లమ్మ గొంతు, కాస్త కరుగ్గా వినిపించింది.

"అమ్మాయ్, మా ఇంట్లో కూరల్లో ఉప్పుండదు. వాడొక్కడికీ వేరే వండటం నాకిష్టంలేక నేనూ మానేశాను. నీకు సరిపడుతుందా?"

ఆమె ముందు ట్యూబుని ఐస్ పెట్టెలో నిలబెట్టింది. లేబుల్ మరోసారి చూసుకుంది. మూత వేసి, గొళ్లెం పెట్టింది.

"సరిపడుతుందమ్మా" అని, అప్పుడు ఏడ్చింది.