వదలని నాడా కమాను

ఆమె మొదటిసారి సైటుకొచ్చిన రోజు నేను డ్రాయింగు తలకిందులుగా పట్టుకుని చూస్తున్నాను.

"తిప్పి పట్టుకోండి," అంది వెనకనుంచి ఓ గొంతు.

తిప్పాను. "ఇప్పుడూ తప్పుగానే ఉందండీ. కమాను అన్నాక అర్ధచంద్రంలా వచ్చి గోడమీద ఆగాలి. ఇదేంటి, ఆగాల్సిన చోట ఆగకుండా మళ్లీ లోపలికి తిరుగుతోంది?"

"గుర్రపు నాడా చూశారా ఎప్పుడైనా? అదే ఆకారం. అలాగే గీశాను."

గీసిన మనిషే నిలబడి ఉందని అప్పుడు తెలిసింది. అయినా నోరు ఊరుకోలేదు. "గుర్రం కాలికి ఉండాల్సింది గుమ్మానికెందుకు మేడం? పైన విశాలం, భుజాల దగ్గరికొచ్చేసరికి ఇరుకు. ఇద్దరు ఎదురుపడితే భుజాలు రాసుకుంటాయి."

"రాసుకోనివ్వండి. అరిగిపోరు."

మేం కడుతున్నది చిన్న లైబ్రరీ. ఆమె ఆర్కిటెక్టు, సొంతంగా గీసిన మొదటి కమాను అది. నేను సైటు ఇంజనీరుని. మా ఇంట్లో కాలేజీకి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న అదే సైటులో తాపీమేస్త్రి. సైటులో నేను నాన్నకి పని చెప్పాలి, ఇంట్లో నాన్న నాకు చెప్తాడు. రెండు చోట్లా బుద్ధిగానే ఉండేవాణ్ణి.

నా చేతిలో ఎప్పుడూ రసమట్టం ఉండేది. అడ్డంగా పెడితే గాజు గొట్టంలో బుడగ కదిలి, ఎటు ఎత్తుగా ఉందో చెప్పే కర్ర. అది చూసి ఆమె నాకు పేరు పెట్టేసింది.

"రసమట్టం గారూ, ఆ ఇటుక ఒంకరగా లేదూ?"

"లేదు మేడం. మీ తల ఒంకరగా ఉంది."

అలా రోజూ పోట్లాడుకుంటూ కమాను కట్టించాం. వర్షమొస్తే ఒకే టార్పాలిన్ కింద నిలబడి పోట్లాడుకున్నాం. వర్షం తగ్గినా ఇద్దరం బయటికి రాని రోజులున్నాయి. పోట్లాట పూర్తవలేదు మరి.

ఇటుకల మధ్య సిమెంటు గట్టిపడింది. వాటిని కింద నుంచి మోస్తున్న చెక్క ఫ్రేముని, అదే సెంట్రింగ్‌ని, తీసేయడమే మిగిలింది.

"ఇది విప్పగానే నా పని అయిపోతుంది," అంది ఆమె ఆ ఉదయం. "రేపే బయల్దేరతాను. వేరే ఊళ్లో ఇంకో పని."

నా గుండెలో బుడగ ఓ మూలకి పోయింది.

కింద ఆనించిన కర్రలు తీశాం. ఫ్రేము దిగలేదు. సుత్తితో కొట్టాం. ఊహూఁ. అప్పుడు వెలిగింది నాకు. మామూలు కమానులో ఫ్రేము కిందికి జారుతుంది. ఈ కమాను కింద ఇరుకు కదా, పెద్ద ఫ్రేము చిన్న మెడలోంచి ఎలా దిగుతుంది? ముక్కలుగా చేయించాల్సింది. నేను ఒకే ముక్కగా చేయించాను.

కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. "సాయంత్రానికి ఫ్రేము ఊడిరాకపోతే కమాను కొట్టేసి, అడ్డంగా దూలం వేసేయండి," అని పెట్టేశాడు.

ఆమె ముఖం చూడలేకపోయాను. "కొట్టనివ్వను," అన్నాను. "ఫ్రేము నడిమిభాగం నిలువునా కోసి తీసేద్దాం. మిగతా రెండు ముక్కలూ దగ్గరికి జరిగి ఊడొస్తాయి."

ఇద్దరు లాగే పెద్ద రంపం తెచ్చాను. గోడకి అటువైపు పిడి పట్టుకుని ఆమె, ఇటువైపు నేను. మధ్యలో చెక్క. ఒకరికొకరు కనబడం.

"నేను లాగినప్పుడు మీరు వదలాలండీ."

"వదలడం నాకు రాదు."

"నేర్చుకోండి."

గర్ర్... గర్ర్...

"అసలు ఒకే ముక్కగా ఎలా చేయించారండీ?" అటునుంచి గొంతు. "రసమట్టం అబద్ధం చెప్పకూడదు."

"ఆరోజు వర్షం. మీరు గొడుగు మడుస్తూ నవ్వారు. అప్పుడే వడ్రంగి 'ఎన్ని ముక్కలు సార్' అన్నాడు. నేను మీవైపు చూస్తూ 'ఒకటే' అన్నాను."

రంపం ఆగింది.

"ఇటుకలు పెట్టకముందే నేను చూశాను," అంది మెల్లగా. "ఒకే ముక్క అని. ఊడిరాదని."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే సరిచేసేవారు. చక్కగా ఊడొచ్చేది. నేను చక్కగా బస్సెక్కేదాన్ని."

"మీ మొదటి కమాను! కొట్టేసేవాళ్లు!"

"అంత దూరం పోతుందనుకోలేదు. ఒకరోజు ఆలస్యమవుతుంది, ఈలోగా మీరు ఏదైనా అంటారేమోనని... లాగండి ముందు!"

లాగలేదు. "నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదండీ. మీరంటే నాకిష్టం. మా నాన్న ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడని తెలిసే చెప్తున్నాను."

నాన్న గట్టిగా దగ్గాడు. నేను పిడి లాగి చూశాను, అటునుంచి ఆమె వదల్లేదు.

"అమ్మాయ్," అన్నాడు నాన్న, నా బాధ చూడలేక. "చెయ్యి నొప్పెడుతోందేమో. ఆ పిడి నేను పట్టుకోనా?"

అప్పటిదాకా ఆయన్ని మేస్త్రి గారూ అనే పిలిచేది.

"వద్దు మావయ్యా," అంది. "అలవాటవుతోంది."

ఆ తర్వాత రంపం ఎలా నడిచిందో నాకు గుర్తులేదు. నడిమి ముక్క దబ్బున పడింది. మిగతా రెండూ దగ్గరికి జరిగి, ఊడొచ్చాయి. కమాను నిలబడింది, ఒక్క ఇటుక కూడా కదలకుండా. అందులోంచి, జుట్టునిండా రంపపు పొట్టుతో, ఆమె.

సెంట్రింగ్ తీశాక కట్టినవాడే ముందు కమాను కింద నిలబడాలన్నది నాన్న పద్ధతి. ఆరోజు మాత్రం కదల్లేదు.

"గీసింది ఆవిడ. ఇరికించింది నువ్వు. మీరే నిలబడండి."

నిలబడ్డాం. భుజాలు రాసుకున్నాయి.

"ఇరుకుగా ఉందా?" అంది.

"అస్సలు లేదు."

నాన్న నా చేతిలోంచి రసమట్టం లాక్కుని మా ఇద్దరి భుజాలమీద అడ్డంగా పెట్టి, ఓ కన్ను మూసి చూశాడు. నేను పొడుగు. బుడగ నా వైపుకి వచ్చేసింది.

"మట్టం కుదరలేదురా," అని పెదవి విరిచాడు.

"ఒక్క నిమిషం మావయ్యా," అని ఆమె మునివేళ్ల మీద లేచింది.

బుడగ మెల్లగా కదిలి, నడిమధ్యకొచ్చి నిలబడింది.